పెద్ద మానుకు తగిన గొలుసు రంపం

మే నెలలో గాలివానలు వచ్చినప్పుడు సికిందరాబాదు రోడ్ల పక్కన పెరిగిన నిద్రగన్నేరు చెట్లలో ఒకటో రెండో కూలడం పరిపాటి. అలా మా వీధిలో కూలిన ఒక మానును తొలగించడానికి వచ్చిన మనుషులు చిన్న గొలుసు రంపంతో కొమ్మలన్నిటిని అరటిబోదెలను నరికినట్లు కోసివేశారు. కాని మొదలు దగ్గరకు వచ్చేసరికి రంపం మొరాయించింది. మోత హెచ్చింది, పొగ వచ్చింది, కోత మాత్రం సాగలేదు. కొమ్మలను కోసిన రంపమే మొదలు దగ్గర ఎందుకు ఓడిపోయింది? మా విద్యార్థి ఒకడు అడిగిన ఈ ప్రశ్నకు జవాబు ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రంలోనే ఉన్నది.

గొలుసు రంపంలో ముఖ్యభాగాలు మూడు: పెట్రోలు ఇంజను, దాని నుండి ముందుకు చాచి ఉండే ఉక్కు పట్టీ, ఆ పట్టీ అంచున పరుగెత్తే పండ్ల గొలుసు. ఇంజను రెండు స్ట్రోకులది. ఇరుసు తిరిగిన ప్రతిసారీ సిలిండరులో ఇంధనం మండుతుంది కనుక, బరువుకు మించిన సామర్థ్యం ఇస్తుంది. ఇంజనుకు కావలసిన కందెనను పెట్రోలులోనే కలుపుతారు. అందుచేత రంపాన్ని ఎటు వంచి పట్టినా పని ఆగదు.

జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో తయారుచేసిన విద్యుత్తు గొలుసు రంపం సుమారు 64 కిలోల బరువుండేది. దానిని ఇద్దరు మోయవలసి వచ్చేది. ఆనాటి గొలుసు పండ్లు చేతిరంపపు పండ్లవలె చెక్కను గీరేవి. అమెరికాలో చెట్లు కొట్టే పని చేసిన జోసెఫ్ కాక్స్ 1946లో ఒక కొయ్యపురుగును గమనించాడు. అది దవడలను కుడికి ఎడమకు ఆడిస్తూ కొయ్యను చెక్కుకొనిపోతున్నది. ఆ దవడల ఆకారంలోనే ఆయన గొలుసు పండ్లను రూపొందించాడు. నేటి గొలుసు పండ్లు ఆ వంశంలోనివే.

ఇక మన ప్రశ్నకు వద్దాం. సామర్థ్యం అంటే బలాన్ని వేగంతో గుణించగా వచ్చేది. 70 ఘనపు సెంటీమీటర్ల ఇంజను సుమారు 4 కిలోవాట్లు, అనగా దాదాపు అయిదున్నర అశ్వశక్తి ఇస్తుంది. గొలుసు వేగం సెకనుకు 20 మీటర్లు అనుకొందాం. 4000ను 20 చేత భాగిస్తే 200 వస్తుంది. అంటే గొలుసు మొత్తానికి ఉన్న బలం 200 న్యూటన్లు. ఈ బలాన్ని చెక్కలో దిగిన పండ్లన్నీ పంచుకోవలెను.

పెద్ద రంపాల గొలుసులో కోసే పండ్లు ఒకదానికొకటి సుమారు 38 మిల్లీమీటర్ల ఎడంలో ఉంటవి. 35 సెంటీమీటర్ల కొమ్మలో ఒకేసారి 9 పండ్లు పనిచేస్తవి. పంటికి 22 న్యూటన్లు దక్కుతవి. 70 సెంటీమీటర్ల మొదలులో పండ్లు 18. పంటికి 11 న్యూటన్లే. మా వీధికి వచ్చిన రంపం వంటివి 2 కిలోవాట్లు మాత్రమే ఇస్తవి. అప్పుడు పంటికి అయిదున్నర న్యూటన్లు! పైగా మాను వెడల్పయినకొద్దీ పొట్టు బయటకు రావడానికి దూరమూ హెచ్చుతుంది. చిన్న ఇంజను మీద ఇంకా అదిమితే గొలుసు ఆగుతుంది, వేడెక్కుతుంది.

కనుక పట్టీ పొడవు ఒక్కటే చూసి రంపం కొనరాదు. సుమారుగా చెప్పాలంటే, 40 ఘనపు సెంటీమీటర్ల ఇంజనుకు 35 నుండి 40 సెంటీమీటర్ల పట్టీ, 60కి 50, 70కి 50 నుండి 70, 90కి 70 నుండి 90 సెంటీమీటర్ల పట్టీ తగినవి. చాలా పొడవైన పట్టీకి పండ్లు ఎడంగా ఉన్న గొలుసు వేస్తారు. పంచుకొనే పండ్లు తగ్గితే పంటికి బలం పెరుగుతుంది, పొట్టుకూ చోటు దొరుకుతుంది.

కొయ్య జాతి కూడా లెక్కలోనిదే. బూరుగ మెత్తన, ఎండిన చింత, నల్లమద్ది గట్టివి. టేకు కొయ్యలో ఇసుకలో ఉండే సిలికా ఉండడంవల్ల పండ్లు త్వరగా మొద్దుబారుతవి. మొద్దు గొలుసుతో పెద్ద ఇంజను కూడా ఓడుతుంది. పొట్టు చిన్న చెక్కుల వలె రాలితే గొలుసు పదునుగా ఉన్నదని, పిండివలె రాలితే ఆకురాయి పట్టవలసిన సమయం వచ్చిందని గుర్తు.

సామర్థ్యం పెరిగినకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. పట్టీ ముక్కు పైభాగం కొయ్యకు తగిలితే రంపం రెప్పపాటులో కోసేవాని ముఖంవైపు ఎగిరిపడుతుంది. ఈ ఎదురుతన్నును ఆపే గొలుసు బ్రేకు లేని రంపాన్ని ఎంత చవకగా వచ్చినా తీసుకోరాదు. చేతులకు అదురు తగలకుండా చేసే ఏర్పాటు, చెవులకు కప్పులు, కాళ్ళకు రక్షణ వస్త్రం తప్పనిసరి. 90 ఘనపు సెంటీమీటర్ల రంపం పట్టీ లేకుండానే ఏడెనిమిది కిలోలు ఉంటుంది. అలసిన చేతికి అది శత్రువు.

2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో పెనుగాలులకు వేలకొలది చెట్లు కొద్ది గంటలలోనే నేలకూలినవి. ఒకదానిపై ఒకటి పడిన మానులు వంచిన విల్లువలె ఉంటవి. ఒక వైపు చెక్క నొక్కుకొని, మరొక వైపు సాగి ఉంటుంది. నొక్కుకొన్న వైపు లోతుగా కోస్తే పట్టీ ఇరుక్కుంటుంది. సాగిన వైపు తొందరపడి కోస్తే దుంగ విదిలించి కొడుతుంది. ఇక్కడ కావలసినది అశ్వశక్తి కాదు, ఆలోచన.

నిలిచి ఉన్న చెట్టును కొట్టే ముందు అనుమతి అవసరమా అని తెలుసుకోవలెను; చెట్ల రక్షణకు మన ప్రాంతంలో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉన్నది.

ఉపాధ్యాయులు బడి ఆవరణలోని ఒక చెట్టు చుట్టుకొలతను టేపుతో కొలిపించి, 3.14 చేత భాగింపజేసి, ఆ మానులో ఎన్ని పండ్లు దిగునో, పంటికి ఎంత బలం దక్కునో పిల్లలచేత లెక్క కట్టించవచ్చును. చెట్టు మాత్రం అక్కడే నిలిచి ఉండవలెను.