మీకు తెలుసా?

హైదరాబాద్‌లోని శాలిబండకు కూతవేటు దూరంలో, చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం పసుపుపచ్చ రోల్స్ రాయిస్, పునరుద్ధరణకు ముందు మొత్తం తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. అంటే దాదాపు 570 కిలోమీటర్లు!

లోపల సింహాసనంలాంటి సీటున్న ఈ 1912 సిల్వర్ ఘోస్ట్ మోడల్ కారును ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. పాపం, కారు రాకముందే 1911లో ఆయన కన్నుమూశారు. బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. తర్వాత ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ దీన్ని ఊరేగింపులకే వాడారు.

ఇదేమీ నెమ్మది బండి కాదు. 1911లో మరో సిల్వర్ ఘోస్ట్ లండన్ నుంచి ఎడిన్‌బరోకు, సుమారు 400 మైళ్లు, టాప్ గేర్‌లోనే వెళ్లింది. బ్రూక్‌లాండ్స్ రేస్ ట్రాక్ మీద గంటకు 78 మైళ్ల వేగం అందుకుంది.