అవ్వ నోట్లో మూడు వేళ్లు

పోయిన దసరా సెలవులకి మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు పోతే, మా అవ్వ ముద్ద నోట్లో పెట్టుకోవడానికే తంటాలు పడతా ఉంది. "నోరు పట్టేసినట్టుంది నాయనా, కారం తగిలితే మండతాది" అనింది. నలభై ఏళ్ల వక్కాకు అలవాటు. కుప్పం నుంచి మా చిన్నాయన వచ్చి పళ్ల డాక్టరుకి చూపించినాడు. మామూలుగా ఎవరి నోట్లో వాళ్ల మూడు వేళ్లు నిలువుగా పడతాయి. అవ్వకి ఒకటిన్నర. ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అన్నారు. క్యాన్సర్ కాదు, కానీ కొందరిలో అటు తిరుగుతుంది.

ఈసీఈ చదివేవాడికి ఇదంతా ఎందుకంటారా? చదివితే తెలిసింది, ఇది పక్కా సిగ్నలింగ్ సమస్య.

తల్లి కడుపులో ఒక ముద్దలాంటి పిండానికి ముక్కూ నోరూ ఎక్కడ రావాలో ఎవరు చెప్తారు? ఒక కణం ప్రోటీన్ వదులుతుంది, పక్క కణం మీదున్న రిసెప్టర్ అందుకుంటుంది, లోపల జన్యువులు ఆన్ అవుతాయి. అట్లాంటి ప్రోటీన్లలో హెడ్జ్‌హాగ్ ఒకటి. 1980లో న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, వీషౌస్ పళ్ల ఈగల్లో ఆ జన్యువు చెడిపోతే పురుగు ఒంటినిండా ముళ్లపందిలా ముళ్లు రావడం చూశారు. 1995లో నోబెల్ వచ్చింది. మనలో ఉండే దానికి సోనిక్ హెడ్జ్‌హాగ్ అని పేరు, అవును, ఆ వీడియో గేమ్ సోనిక్కే! అమెరికాలోని ఐడహోలో ఒక అడవి మొక్క తిన్న గొర్రెలకి ఒంటికన్ను పిల్లలు పుట్టాయి. ఆ మొక్కలోని సైక్లోపమిన్ ఈ సిగ్నల్‌నే ఆపేస్తుందని తర్వాత తేలింది. అదే సిగ్నల్ ఆగకుండా మోగితే ఒకరకం చర్మ క్యాన్సర్. దాన్ని ఆపే విస్మోడెగిబ్ అనే మందుకి 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది.

అవ్వ కథలో విలన్ వేరే. టీజీఎఫ్-బీటా. వక్కలోని అరెకొలిన్ నోటి పొరని రేపుతా ఉంటే ఈ ప్రోటీన్ పెరుగుతుంది. అది ఫైబ్రోబ్లాస్ట్ కణాల చేత కొలాజెన్ పోయిస్తుంది. బుగ్గ లోపల తోలు పట్టీ బిగించినట్టు అయిపోతుంది. మామూలుగా ఇదే ప్రోటీన్ పొర కణాలు ఎక్కువ పెరగకుండా బ్రేకు వేస్తుంది. క్యాన్సర్ మొదలై ముదిరాక ప్లేటు ఫిరాయిస్తుంది. పక్క కణాన్ని వదిలి కదిలిపొమ్మంటుంది. పిండంలో దవడని కట్టడానికి కణాలు వలస పోయేటప్పుడు నడిచిన ప్రోగ్రామ్ లాంటిదే ఇది. నోటి గడ్డ మెడ గ్రంథులకి పాకేది ఇట్లాంటి దారుల్లోనే.

నాచ్ సంగతి ఇంకా తిరకాసు. ఒకరకం రక్త క్యాన్సర్‌లో అది ఎక్కువైతే ముప్పు, నోటి క్యాన్సర్లు కొన్నింటిలో అది చెడిపోతే ముప్పు. ఒకే స్విచ్చి, రెండు ఇళ్లలో రెండు వైరింగులు. అందుకే "సిగ్నల్ ఆపేస్తే పోలా" అనుకోవడం అంత సులువు కాదు.

"నేను పొగాకు వేసుకోను కదా, ఉత్త వక్కేగా" అని అవ్వ వాదన. ఉత్త వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ సంస్థ 2004 నివేదికలోనే ఉంది. అది చదివి వినిపిస్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

బిగిసిన పొర మళ్లీ మెత్తబడటం కష్టం. వక్క మాత్రం మానింది. రోజూ పొద్దున అద్దం ముందు వేళ్లు పెట్టి కొలుచుకుంటాదంట. పోయిన ఆదివారం ఫోన్లో అడిగితే, "అంతే ఉంది, తగ్గలా పెరగలా" అనింది.