పచ్చగా వెలిగే కణం, దాన్ని పట్టించిన చిట్టెలుక

కోవిడ్ కాలంలో చాలామందికి పరిచితమైన ఐఎల్-6 (ఇంటర్‌ల్యూకిన్-6) పరీక్ష, రక్తంలో ఆ సైటోకైన్ ఎంత ఉందో చెబుతుందే తప్ప దాన్ని ఏ కణం తయారుచేసిందో చెప్పదు. సైటోకైన్లంటే రోగనిరోధక కణాలు పరస్పరం కబురు పంపుకోవడానికి విడుదల చేసే చిన్న ప్రోటీన్లు. తయారైన వెంటనే కణాన్ని విడిచిపోతాయి కనుక వాటి పుట్టుచోటును పట్టుకోవడం కష్టం. అందుకే పూర్వం కణాలను బయటికి తీసి, మందులతో ప్రేరేపించి, ప్రోటీన్ బయటపడకుండా ఆపి, కణపొరకు రంధ్రాలు చేసి, రంగు కట్టిన యాంటీబాడీలను లోపలికి పంపేవారు. జవాబు దొరికేది గాని కణం చనిపోయేది.

ఈ చిక్కును విప్పినది, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లాక్స్‌లీ బృందం రూపొందించి 2001లో ప్రకటించిన ‘ఫోర్‌గెట్’ చిట్టెలుక. అలర్జీలోను, పేగుల్లోని పరాన్నజీవులపై పోరులోను కీలకమైన ఐఎల్-4 అనే సైటోకైన్ జన్యువులో, ఆ ప్రోటీన్ సందేశం ముగిసిన చోటికి ఆవల, జెల్లీఫిష్‌కు చెందిన ఆకుపచ్చ కాంతి ప్రోటీన్ జన్యువును అతికించారు. ఒకే ఆర్‌ఎన్‌ఏ నుంచి రెండో ప్రోటీన్‌ను కూడా తయారుచేయించే వైరస్ ముక్కను ఆ రెంటి నడుమ ఉంచారు. దీనివల్ల ఐఎల్-4 తయారీకి అడ్డు రాకుండానే, ఆ జన్యువు మేల్కొన్న కణం నీలి లేజర్ కాంతిలో పచ్చగా వెలుగుతుంది. దాన్ని సజీవంగా వేరుచేసి మరో ఎలుకలోకి ఎక్కించి దాని నడతను గమనించవచ్చు.

అయితే పచ్చగా ఉన్న ప్రతి కణమూ ఐఎల్-4ను విడుదల చేస్తున్నట్టు కాదు. మార్కస్ మోర్స్ బృందం 2005లో, ఒక జన్యుప్రతిలో ఈ పచ్చ గుర్తును, రెండో ప్రతిలో ఐఎల్-4కు బదులు మానవ సీడీ2 అనే ఉపరితల ప్రోటీన్‌ను మోసే ఎలుకలను పరీక్షించి, టి కణం అనే రోగనిరోధక కణం ముందు సంసిద్ధమవుతుందని, మళ్ళీ ప్రేరణ అందినప్పుడే అసలు ప్రోటీన్‌ను వెలువరిస్తుందని చూపింది. ఆ పరికరం హద్దును కొలిచి చూపిన ఈ రెండో అడుగే మొదటిదానికన్నా విలువైనది. 2010లో, టి కణాలూ బి కణాలూ కాని, ఇప్పుడు ఐఎల్‌సీ2 అని పిలిచే కొత్త కణాలు ఐఎల్-13 అనే మరో సైటోకైన్‌ను తయారుచేస్తున్నాయని గుర్తించడంలోనూ ఇటువంటి ఎలుకలే తోడ్పడ్డాయి.

జన్యువులను మార్చిన ఎలుకలతోనే సైటోకైన్లు కలిగించే నష్టాన్ని శోధించినవారిలో కొత్తగూడేనికి చెందిన, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన కన్నెగంటి తిరుమలాదేవి ముందువరుసలో ఉన్నారు. అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో ఆమె బృందం, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ఫెరాన్-గామా అనే రెండు సైటోకైన్లు జతకూడితే కణాలు వాపు రేపుతూ చనిపోతాయని, ఆ రెంటినీ ఒకేసారి అడ్డుకుంటే కోవిడ్ వైరస్ సోకిన ఎలుకల్లో మరణాలు తగ్గుతాయని 2021 జనవరిలో ‘సెల్’ పత్రికలో వెల్లడించింది. ఇది ఎలుకల్లో తేలిన ఫలితం. మనుషులకు చికిత్సగా నిలవాలంటే మనుషుల్లోనే పరీక్షించి రుజువు చేయాలి.