కిర్రుమనే రెండో గేరు

నాన్నగారికి యానాం నుంచి పుదుచ్చేరికి బదిలీ అయినప్పుడు సామాను లారీలో వచ్చింది. తాతయ్యగారి అంబాసిడర్ మాత్రం తనంతట తానే నడిచి వచ్చింది. అది 1969 నాటి మార్క్ 2. మన దేశంలో 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. కానీ తేంగాయితిట్టు చేరేసరికి, మూడు నుంచి రెండో గేరుకు మార్చినప్పుడల్లా కిర్రుమని అరవడం మొదలైంది.

"మళ్లీ బదిలీ వచ్చేలోగా బాగవకపోతే అమ్మేద్దాం" అన్నారు నాన్న. తాతయ్య ఏమీ అనలేదు.

మెకానిక్ అన్న గేర్‌బాక్స్ విప్పుతుంటే నేను పక్కనే కూర్చున్నాను. రెండు, మూడు, నాలుగు గేర్ల చక్రాలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయట. మనం గేరు వేస్తే ఒక స్లీవ్ జరిగి, కావలసిన చక్రాన్ని షాఫ్ట్‌కు బిగిస్తుంది. చిక్కేమిటంటే రెండింటి వేగాలూ వేరు. కదిలే బస్సు ఎక్కాలంటే ముందు దాని పక్కనే పరుగెత్తాలి కదా (మీరు మాత్రం అలా ఎక్కకండి!). ఆ పరుగు పని చేసేది ఒక ఇత్తడి రింగు. అది చక్రానికున్న ఏటవాలు భాగాన్ని రాసుకుని, రాపిడితో వేగాలు సమానం చేస్తుంది. సమానమయ్యేదాకా దాని పళ్లు స్లీవ్‌కు అడ్డుపడతాయి. ఇదే సింక్రోమెష్. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లతో మొదలైంది.

అన్న పాత రింగును చక్రం మీద నొక్కి తిప్పమన్నాడు. జర్రున జారింది. లోపల నూనెను తప్పించే సన్నని గాట్లు అరిగి నున్నగా అయిపోయాయి. కొత్త రింగు నొక్కితే కదల్లేదు! రింగుకూ చక్రానికీ మధ్య సందు కూడా చూపించాడు; పాతదానికి అది దాదాపు లేదు. వేగాలు కలవకముందే స్లీవ్ దూరిపోయేది, అందుకే ఆ అరుపు.

అసలు కష్టం తర్వాత వచ్చింది. స్లీవ్ లోపల స్ప్రింగుల మీద చిన్న ఉక్కు గోలీలుంటాయి. విప్పేటప్పుడు ఎగిరిపోకుండా అన్న గుడ్డ కప్పాడు. అయినా ఒకటి ఎగిరింది. గంటసేపు వెతికితే నా చెప్పు కింద దొరికింది.

సాయంత్రం చేపల రేవు దాకా వెళ్లాం. రెండో గేరు మెత్తగా పడింది. బండి ఇంకా కదులుతుండగానే నాన్న మొదటి గేరు వేయబోతే మళ్లీ కిర్రు! ఈ కారులో మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు.

"బండి ఆపి వెయ్యాలిరా" అన్నారు తాతయ్య, వెనక సీట్లోంచి నవ్వుతూ.