దర్శనాభ్యాసము - దిఙ్నాగుని నిదర్శనము

దర్శనములను చదువుట వేరు, దర్శనమును అభ్యసించుట వేరు. షడ్దర్శన సిద్ధాంతములను కంఠస్థము చేసినవాడు పండితుడనిపించుకొనవచ్చును. ఆ సిద్ధాంతమునకు హేతువేమి, ఆ హేతువు ఎచ్చట తప్పిపోవును అని విచారించువాడు దార్శనికుడు. ఈ భేదమును తెలియుటకు ఆంధ్రదేశముననే తగిన నిదర్శనము కలదు.

క్రీ. శ. 7వ శతాబ్ది పూర్వార్ధమున ఆంధ్రదేశమును దర్శించిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఇచ్చటి రాజధానిని పింగ్‌కీలో అని పేర్కొనెను. అది వేంగియని చరిత్రకారులు గుర్తించిరి. ఏలూరునకు ఉత్తరమున సుమారు 12 కిలోమీటర్ల దూరమున నున్న పెదవేగియే ఆ వేంగి. రాజధానీ సమీపమునందలి విహారమునకు నైరుతి దిక్కున ఒక ఒంటరి కొండ కలదనియు, అచ్చట దిఙ్నాగుడు హేతువిద్యాశాస్త్రమును రచించెననియు అతడు వ్రాసెను. ఈ మండలమున బౌద్ధము ఎంత పాదుకొన్నదో కామవరపుకోట సమీపమునందలి గుంటుపల్లి గుహాలయము నేటికిని చాటుచున్నది.

ఆ యాత్రికుడు తెలిపిన ఐతిహ్యము గమనింపదగినది. అర్హత్ఫలమును పొందవలసినదని రాజు ప్రార్థింపగా దిఙ్నాగుడు అంగీకరించెనట. అంతట మంజుశ్రీ ప్రత్యక్షమై, లోకహితమును విడిచి స్వలాభమును మాత్రమే కోరుట తగునా యని మందలించెను. దిఙ్నాగుడు ఆ సంకల్పమును మాని శాస్త్రప్రవచనమునకు పూనుకొనెను. ఇది కథయే యనుకొన్నను, ఆయన శాస్త్రమునకు చక్కగా అన్వయించుచున్నది. ప్రమాణసముచ్చయమునందలి ఆరు పరిచ్ఛేదములలో రెండవది స్వార్థానుమానము, మూడవది పరార్థానుమానము. తాను తెలిసికొనుట మొదటిది. తెలిసికొన్నదానిని హేతుపూర్వకముగా పరుని యెదుట నిలుపుట రెండవది.

కొల్లేటి యొడ్డున నున్నవాడు నీరు పెరుగుట చూచి, ఎగువన వాన కురిసినదని నిశ్చయించుకొనును. ఇది స్వార్థానుమానము. దానినే మరియొకనికి చెప్పినచో, "ఉప్పుటేరు పూడి నీరు సముద్రమునకు పోకున్నను సరస్సు పెరుగును గదా!" అని అతడు ఆక్షేపింపవచ్చును. వాన లేని చోటను హేతువు కానవచ్చినది గనుక అది అనైకాంతికము. నదీపూరమును గూర్చి ఇట్టి ఆక్షేపము న్యాయసూత్రములందే కలదు. ప్రవాహవేగము, నురుగు, కొట్టుకొనివచ్చు ఆకులు, కట్టెలు మొదలగు విశేషములతో కూడిన పూరమే హేతువని వాత్స్యాయనుడు సమాధానము చెప్పెను. ఆక్షేపించువాడు లేనిచో హేతువునకు ఈ పరిష్కారము కలుగదు. పక్షమునందున్న హేతువు సపక్ష విపక్షములలో నుండు తీరులను దిఙ్నాగుడు తొమ్మిదిగా లెక్కించెను. వానిలో సద్ధేతువులు రెండే. తక్కిన ఏడును దుష్టములు. తన మాట తప్పు కావచ్చునను ఎరుక దార్శనికునకు ఎంత అవసరమో ఈ లెక్క చెప్పుచున్నది.

ప్రమాణసముచ్చయ సంస్కృతమూలము సంపూర్ణముగా లభింపలేదు. గ్రంథము టిబెట్టు భాషానువాదములందు నిలిచినది. దానిపై జినేంద్రబుద్ధి రచించిన టీకయొక్క ప్రథమపరిచ్ఛేద సంస్కృతపాఠము 2005లో ప్రకటితమైనది. అంతకు పూర్వము సంస్కృతజ్ఞులు దిఙ్నాగుని వాక్యములను ఎక్కువగా ప్రతివాదుల గ్రంథములనుండియే ఎరుగుదురు. ఉద్ద్యోతకరుడు న్యాయవార్తికమున ఆయనను తీవ్రముగా ఖండించెను. కాని ఖండించుటకు ముందు ఆ వాక్యములను ఉదాహరించెను. వాచస్పతిమిశ్రుడు ఆ పూర్వపక్షము దిఙ్నాగునిదని పేరు చెప్పి గుర్తించెను. మాటను కాపాడినది శిష్యులు మాత్రమే కాదు, ప్రత్యర్థులును.

నేడు ప్రాచ్యకళాశాలలలో తర్కసంగ్రహము చదువు విద్యార్థి స్వార్థ పరార్థానుమానముల లక్షణములను తడుముకొనక చెప్పగలడు. కాని పొగ, నిప్పు, వంటయిల్లు అను ఉదాహరణమును దాటి తన యెదుటనున్న ఒక విషయమున హేతువును కల్పించి, దానికి వ్యభిచారమును తానే వెదకినప్పుడు గాని శాస్త్రము అతనికి వశము కాదు. వాక్యార్థసభలలో పూర్వపక్షము ఓడిపోవుటకై సిద్ధపరచిన బొమ్మవలె నున్నచో సిద్ధాంతమునకు బలము చేకూరదు. ప్రత్యర్థి విని "నా మతమిదియే" యని ఒప్పుకొనునట్లు పూర్వపక్షమును చెప్పుట విద్యార్థులకు ముందుగా నేర్పవలసియున్నది.