ఏ సుధాకరు? ఏ కృష్ణారెడ్డి?

చింతామణి బస్టాండు దగ్గర టీ కొట్లో కూర్చుని "సుధాకర్ ఈసారి ఏం చేస్తాడంటావన్నా?" అని అడిగి చూడండి. జవాబు రాదు, ఎదురు ప్రశ్న వస్తుంది. "ఏ సుధాకరప్పా? పండ్ల డాక్టరా, జ్వరాల డాక్టరా?"

మా జిల్లాలో డాక్టర్ సుధాకర్లు ఇద్దరు మరి. ఎం.సి. సుధాకర్ దంతవైద్యం చదివారు. చింతామణి ఎమ్మెల్యే, 2023 మేలో ఉన్నత విద్యామంత్రి అయ్యారు. కె. సుధాకర్ ఎంబీబీఎస్. చిక్కబళ్లాపురం నుంచి గెలిచి, కోవిడ్ కాలంలో వైద్య, ఆరోగ్య శాఖలు చూశారు. 2024లో ఎంపీ అయ్యారు. మొదటాయన కాంగ్రెస్, రెండో ఆయన బీజేపీ. కృష్ణారెడ్లూ ఇద్దరే, ఇద్దరూ చింతామణి ఎమ్మెల్యేలుగా చేసినవాళ్లే. పాతాయన కె.ఎం., తర్వాతి ఆయన జె.కె. ఇక్కడ ఇనీషియల్ మరిచిపోతే పార్టీయే మారిపోతుంది.

అభ్యర్థుల పరిచయం అనగానే పత్రికలవాళ్లం ఫొటో, వయసు, చదువు, ఆస్తి అని గళ్లు గీసి నింపేస్తాం. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి పల్లెల్లో పరిచయం అట్లా జరగదు. 2023 ఏప్రిల్లో, బాగేపల్లికి దగ్గరి పల్లెలో మా మేనత్త ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాను. కుర్రాళ్లు కరపత్రం ఇచ్చి పోయారు. పైవరసలో ఢిల్లీ నాయకులు, వాళ్ల కింద బెంగళూరు నాయకులు, మధ్యలో చేతులు జోడించిన అభ్యర్థి. అక్షరాలన్నీ కన్నడం. అత్తకు చదువు లేదు. బొటనవేలు ఒక్కో మొహం మీదా పెట్టుకుంటూ వచ్చి అభ్యర్థి దగ్గర ఆపింది.

"ఈయప్ప ఎవురి కొడుకు?"

చెప్పాను. "ఏ ఊరు?" అదీ చెప్పాను. మూడో ప్రశ్న నాకు తెలుసు, అదే అడిగింది. "బోరు ఏపిస్తాడంటనా?"

ఎనిమిదో తరగతి మనవడు కరపత్రం లాక్కుని, కన్నడంలో ఉన్నదాన్ని తడబడకుండా తెలుగులో చదివి వినిపించాడు. తర్జుమా చేస్తున్నానన్న స్పృహ కూడా వాడికి లేదు. ఇక్కడ తెలుగు నోట్లో ఉంటుంది, కన్నడం చేతిలో ఉంటుంది. బడి, పహణి, రేషన్ కార్డు, ఓటింగ్ యంత్రం మీద పేరు అన్నీ కన్నడం. పెళ్లిచూపులు, తిట్లు, బేరాలు, ఓటడగడం తెలుగు. కైవార తాతయ్య తెలుగు కీర్తనలనే కన్నడ లిపిలో చూసి పాడుకునే సీమ ఇది. అభ్యర్థికి రెండూ రావాలి. వేదిక మీద కన్నడంలో మొదలుపెట్టి, రెండు నిమిషాలకు "అన్నా, అక్కా" అంటూ తెలుగులోకి జారకపోతే కింద కూర్చున్నవాళ్లు బీడీ ముట్టించుకుంటారు.

ఈ తెలుగు సంగతి బెంగళూరు పార్టీ ఆఫీసులకు బాగా తెలుసు. కానీ వాళ్లకు తెలుగంటే సినిమా. 2008లో బాగేపల్లిలో బీజేపీ నటుడు సాయికుమార్‌ను నిలబెట్టింది. 'పోలీస్ స్టోరీ' తర్వాత కన్నడిగులకు ఆయన సొంత మనిషి, తెలుగువాళ్లకు ఆ గొంతు ఎప్పటినుంచో సొంతం. ఇంతకన్నా సరిపడే మనిషి దొరకడు. ఓడిపోయారు. 2018లో మళ్లీ తెచ్చారు, ఈసారి డిపాజిట్టూ దక్కలేదు. 2022 మార్చి 19న 'ఆర్ఆర్ఆర్' విడుదలకు ముందు వేడుక చిక్కబళ్లాపురంలో జరిగింది. ముఖ్యమంత్రి బొమ్మై వచ్చారు, అప్పుడు మంత్రిగా ఉన్న కె. సుధాకర్ ముందుండి నడిపించారు. మరుసటేడు ఎన్నికల్లో సుధాకర్ కోసం బ్రహ్మానందం ఊరూరా తిరిగారు. జనం కడుపుబ్బ నవ్వారు, ఇళ్లకు వెళ్లారు, సుధాకర్ 10,642 ఓట్ల తేడాతో ఓడారు. తెలుగు సినిమాను మేం టికెట్టు కొనుక్కుని చూస్తాం. ఓటు దగ్గర మాత్రం ఎవరి కొడుకు, ఏ ఊరు, బోరు ఏమైంది అన్న మూడు ప్రశ్నలే.

ఆ మూడింటికీ జవాబు చెప్పుకున్నాడు గనకనే ఆ ఏడు సుధాకర్ మీద ప్రదీప్ ఈశ్వర్ గెలిచాడని నేననుకుంటాను. చిక్కబళ్లాపురం తాలూకా పేరేసంద్ర మనిషి. విచిత్రమేమిటంటే సుధాకర్‌దీ పేరేసంద్రే. సుధాకర్ తండ్రి పి.ఎన్. కేశవరెడ్డి జిల్లా పంచాయతి అధ్యక్షుడిగా చేసిన మనిషి, ఊరికి పెద్దిల్లు. ప్రదీప్ చిన్నప్పుడే అమ్మానాన్నలను పోగొట్టుకుని, పెద్దయ్యాక నీట్ కోచింగ్ సెంటర్ పెట్టుకున్నవాడు. "ఎవరి కొడుకు?" అన్న ప్రశ్నకు చెప్పుకోవడానికి ఏమీ లేని మనిషి, ఆ లేకపోవడాన్నే ప్రతి మైకు ముందూ చెప్పుకున్నాడు. అమ్మ లేదు, నాన్న లేడు, మీరే అన్నాడు. సినిమా డైలాగులా ఉందని చదువుకున్నవాళ్లు ముక్కు విరిచారు. నాకూ కొంచెం ఎబ్బెట్టుగానే అనిపించింది. కానీ మా అత్తలాంటి వాళ్లకు అది డైలాగు కాదు, ఒక ఇంటి సమాచారం.

సుధాకర్ కథ అక్కడ ఆగలేదు. 2013, 2018లలో కాంగ్రెస్ ఎమ్మెల్యే. 2019లో కూటమి ప్రభుత్వం కూలినప్పుడు రాజీనామా చేసి, అనర్హత వేటు పడి, అదే డిసెంబరు ఉప ఎన్నికలో బీజేపీ గుర్తు మీద గెలిచి మంత్రి అయ్యారు. 2023లో ఓడిన మరుసటేడే లోక్‌సభకు నిలబడి, కాంగ్రెస్ అభ్యర్థి రక్షా రామయ్య మీద లక్షా 63 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. చిక్కబళ్లాపురంలో సుధాకర్‌కు ఒక్క ఓటు మెజారిటీ వచ్చినా రాజీనామా చేస్తానని ప్రదీప్ ఈశ్వర్ అంతకుముందు సవాలు విసిరాడు. మెజారిటీ వచ్చింది. రాజీనామా రాలేదు. పేరేసంద్రలో దాని మీద ఇప్పటికీ పందేల లెక్కలు తేలలేదంటారు.

బాగేపల్లి లెక్క వేరు. చిత్రావతి ఒడ్డు ఊరు, హైదరాబాదు హైవే మీద, ఇంకాస్త ముందుకు పోతే ఆంధ్ర. ఇక్కడి హోటల్లో సంగటి తింటూ హిందూపురం బాలకృష్ణ గురించి చెప్పినంత వివరంగా సొంత తాలూకా గురించి చెప్పేవాళ్లు తక్కువ. అయినా దక్షిణ కర్ణాటకలో ఎర్రజెండా నిలదొక్కుకున్న అరుదైన నేల ఇది. సీపీఎం నుంచి జి.వి. శ్రీరామరెడ్డి 1994లోనూ 2004లోనూ గెలిచారు. బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరంలో రైతుకూలీ జెండా మోసిన ఒక రెడ్డి శాసనసభలో కూర్చోవడం పైవాళ్లకు వింత, మాకు మామూలు. 2022 ఏప్రిల్లో ఆయన పోయారు. ఆయనను ఓడించి పైకొచ్చింది ఎస్.ఎన్. సుబ్బారెడ్డి. 2013లో ఏ పార్టీ లేకుండా స్వతంత్రుడిగా గెలిచి, 2018లోనూ 2023లోనూ కాంగ్రెస్ హస్తం మీద నిలబెట్టుకున్నారు. చివరిసారి బీజేపీ మునిరాజు మీద తేడా 19 వేల పైచిలుకు. మూడో స్థానం సీపీఎం డాక్టర్ అనిల్ కుమార్‌ది. చూశారా, ఇక్కడా డాక్టరే. నీళ్లు లేని జిల్లాకు డాక్టర్ల కొరత లేదు.

2025 జూలైలో నందిగిరి మీద జరిగిన మంత్రివర్గ సమావేశం బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చడానికి ఒప్పుకుంది. 'పల్లి' అనే తోక తెలుగుది కదా, దాన్ని కత్తిరించి పెట్టిన కొత్త పేరు, హైదరాబాదుకు మనవాళ్లు వాడే పేరు! భాగ్యనగర నుంచి భాగ్యనగరానికి టికెట్టు ఇవ్వమంటే బస్సు కండక్టరు ఏమంటాడో చూడాలనుంది.

చింతామణికి వస్తే ఎవరి కొడుకన్న ప్రశ్నకు జవాబు మూడు తరాలు వెనక్కి పోతుంది. ఎం.సి. సుధాకర్ తాత ఆంజనేయరెడ్డి, తండ్రి చౌడరెడ్డి, ఇద్దరూ ఇదే సీటు ఎమ్మెల్యేలు. సుధాకర్ 2004, 2008లో గెలిచి, 2013, 2018లో జె.కె. కృష్ణారెడ్డి చేతిలో ఓడి, 2023లో 29 వేల పైచిలుకుతో తిరిగొచ్చారు. చౌడరెడ్డి ఇల్లు, కె.ఎం. కృష్ణారెడ్డి ఇల్లు అని ఊళ్లు చీలిపోయి, పెళ్లిపత్రికలు కూడా ఆ గీత దాటకుండా పంచిన కాలం మా నాన్నకు గుర్తు. పార్టీ పేరు అప్పుడూ రెండో మాటే. ఇంకో తిరకాసు. చింతామణి ఓటరు అసెంబ్లీకి చిక్కబళ్లాపురం జిల్లావాడు, పార్లమెంటుకు కోలారువాడు. జ్వరాల డాక్టరు ఈ ఊరికి ఎంపీ కాదు, ఎంపీ కోలారు నుంచి గెలిచిన మల్లేశ్ బాబు. ఈ సంగతి చింతామణిలోనే సగంమందికి పోలింగు రోజు యంత్రం ముందు తెలుస్తుంది.

మూడు సీట్లలోనూ 2023లో మొదటి రెండు స్థానాల్లో ఒక్క ఆడపేరు లేదు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

అభ్యర్థి తన గురించి తానే ప్రమాణం చేసి చెప్పే పరిచయం ఒకటుంది. నామినేషన్‌తో పాటు ఇచ్చే 26వ నమూనా అఫిడవిట్. ఆస్తి, అప్పు, కేసులు, చదువు, గత ఐదేళ్ల ఆదాయం, భార్య పేరున ఉన్న బంగారం, అన్నీ ఉంటాయి. కేసులుంటే పోలింగుకు ముందు మూడుసార్లు పత్రికల్లో, టీవీల్లో ప్రకటించుకోవాలి. ఆ 2023 ఏప్రిల్లోనే ఒక అభ్యర్థి అఫిడవిట్ ఫోన్లో తెరిచి అత్తకు చదివి వినిపించాను. ఆస్తి కోట్లు విని చలించలేదు. కార్ల దగ్గర "ఇన్నిట్లో ఒకేసారి ఎట్ల కూచుంటాడు?" అంది. ఖర్చు పరిమితి 40 లక్షలని చెప్పినప్పుడు నవ్విన నవ్వు కాగితం మీద రాయలేను. చివర అడిగింది, "బోర్ల లెక్క రాయలేదా ఆయప్ప?"

ఆ గడి అందులో లేదు. ఉండాల్సింది. జీవనది లేని జిల్లా, బోరు వెయ్యి అడుగులు దాటినా దుమ్మే లేచే పొలాలు. శాశ్వత నీరు కావాలని 2016 మార్చిలో రైతులు ట్రాక్టర్లు కట్టుకుని బెంగళూరు దారి పట్టారు. ఎత్తినహొళె పథకం నీళ్లు వస్తాయని ప్రతి ఎన్నికలో ప్రతి పార్టీ చెప్పింది. ఇప్పటికి మా చెరువుల్లో కొన్నింటికి చేరింది మాత్రం హెబ్బాళ, నాగవార లోయ నుంచి శుద్ధి చేసి పంపిన బెంగళూరు మురుగునీరు. బెంగళూరు తాగి వదిలిన నీళ్లకు మేం ఓట్లు వేశాం.

బోరు కోసం ఎమ్మెల్యేని అడగడమేమిటని ఎవరైనా అనొచ్చు. న్యాయమే. ఊరి తాగునీరు, బడి గోడ, పల్లె రోడ్డు చూడాల్సింది జిల్లా పంచాయతి. ఆ ఏర్పాటు మొదట సాధించిన రాష్ట్రాల్లో కర్ణాటక ఒకటి. 1987లో జిల్లా పరిషత్తులకు ఎన్నికలు జరిపించిన మంత్రి అబ్దుల్ నజీర్ సాబ్. కరువు పల్లెల్లో బోర్లు వేయించినందుకు జనం ఆయనను 'నీర్ సాబ్' అన్నారు. జిల్లా పంచాయతి మెంబరు మా హోబళి మనిషే అయ్యేది. ఎవరి కొడుకో అడగక్కర్లేదు, పెళ్లికి వెళ్లి భోంచేసి వచ్చినవాళ్లమే. సగం సీట్లు ఆడవాళ్లకు. ఇందాక వెతికిన ఆడపేర్లు అక్కడే ఉండేవి.

ఆ ఎన్నిక చివరిసారి జరిగింది 2016 ఫిబ్రవరిలో. 2021లో కాలం తీరింది. సీట్ల విభజన, రిజర్వేషన్ల జాబితా, హైకోర్టు వాయిదాలు అంటూ నాలుగేళ్లు దాటినా కొత్తవాళ్లు రాలేదు. అధికారులు నడిపించారు. అధికారి చెడ్డవాడని కాదు, బదిలీ అయిపోతాడు. రెండు లక్షల చిల్లర ఓటర్లున్న ఎమ్మెల్యే చుట్టూ చేతిపంపు కోసం, వీధిదీపం కోసం జనం మూగారు. మండిపడ్డా లాభం లేదు, ఉన్న తలుపు అదొక్కటే. సగం సీట్లు ఆడవాళ్లకని చట్టం రాసిపెట్టిన బల్లలు ఖాళీగా ఉంటే, అక్కడ మాట్లాడడం నేర్చుకుని అసెంబ్లీ దాకా రావాల్సిన ఆడవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

మొన్న చేళూరు వైపు పోతూ 2016లో గెలిచిన ఒక ఆవిడ ఇంటి దగ్గర ఆగాను. పట్టుపురుగులకు ఆకు వేసి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. గేటు పక్క గోడ మీద పచ్చరంగులో ఆమె పేరు, కింద కన్నడంలో 'జిల్లా పంచాయతి సదస్యరు'. ఎండకు వెలిసింది కానీ చదవడానికి వస్తుంది. పదవి పోయి ఇన్నేళ్లయింది కదమ్మణ్ణీ, 'మాజీ' అని రాయించలేదేమని అడిగాను.

"పిలిపిస్తిని నాయినా. పక్కన జాగా లేదనె పెయింటరు. ఇంకో ఆర్నెల్లకు ఎలక్షన్లు వస్తాయి గదా, గెలిస్తే ఇదే ఉంటుంది, ఓడితే మొత్తం గీకి సున్నం కొడతాలే అనె." గోడ వైపు చూసి నవ్వింది. "వాడిప్పుడు రంగుల పని మానేసి ఫ్లెక్సీ అంగడి పెట్టుకున్నాడు."