పాట వినండి... ఇంట్లో మాట కూడా వినిపించాలి!

అర్ధరాత్రి దాటి ఒంటిగంట అయింది. విజయవాడలో మ్యూజికల్ నైట్ చూసుకుని నందిగామ వస్తున్నారు. కీసర టోల్ గేటు దాటగానే వెనక సీట్లోంచి పాప ఏదో అడిగింది. మీకు వినిపించలేదు. మళ్ళీ అడిగింది. 'ఆఁ?' అన్నారు. మూడోసారి మీ ఆవిడ గట్టిగా చెబితే గానీ అర్థం కాలేదు, పాపకు దాహం వేస్తోందని. చెవుల్లో దూది కుక్కినట్టుంది. సన్నగా గుయ్యిమని మోగుతోంది. 'స్పీకర్ల దగ్గర నిలబడ్డాం కదా, పొద్దున్నకల్లా అదే తగ్గిపోతుందిలే' అనుకుని కారు ముందుకు పోనిచ్చారు.

నిజమే. చాలాసార్లు అదే తగ్గిపోతుంది. తగ్గిపోతుంది కాబట్టే దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ గుయ్యిమనే మోత, ఆ దిబ్బడ మీ చెవి మీకు చేస్తున్న ఫిర్యాదు. దాన్ని పదే పదే పెడచెవిన పెడితే ఒకనాటికి అది తగ్గకుండా ఉండిపోతుంది.

వేదికలు దగ్గరయ్యాయి

ఒకప్పుడు రాక్ సంగీతం ప్రత్యక్షంగా వినాలంటే మనవాళ్ళు బెంగళూరు రైలెక్కాల్సిందే. 2011 అక్టోబరు 30న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించింది. అలాంటి రాత్రి కోసం అభిమానులు సెలవు పెట్టి, డబ్బు కూడబెట్టి వెళ్ళేవారు. ఇప్పుడు అంత దూరాభారం లేదు. 2025 జనవరిలో కోల్డ్‌ప్లే ముంబయి, అహ్మదాబాద్‌లలో కచేరీలు చేసింది. ఫిబ్రవరి 2న ఎడ్ షీరన్ రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. అది మన విజయవాడ హైవే వైపే ఉంది. అదే నెల 15న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో తలసీమియా బాధితుల సహాయార్థం తమన్ మ్యూజికల్ నైట్ జరిగింది. కీసర వాళ్ళకు అది గంటలోపు ప్రయాణం.

అభిమాని ఒక్కడే వెళ్ళే రోజులు కూడా పోయాయి. భార్యాపిల్లలతో కలిసి వెళ్తున్నారు. మంచిదే. నచ్చిన పాటను వేలమందితో కలిసి పాడుకుంటే మనసు తేలికపడుతుంది. ఇంటిల్లిపాదికీ ఒక జ్ఞాపకం మిగులుతుంది. కాబట్టి కచేరీలు మానమని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఎలా వెళ్ళాలో, ఎలా తిరిగి రావాలో చూద్దాం.

చెవి లోపల ఏం జరుగుతుంది?

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా అనే భాగం ఉంటుంది. అందులో సన్నటి రోమాల్లాంటివి ఉండే కణాలు ఒక్కో చెవిలో సుమారు 15 వేలు ఉంటాయి. శబ్ద తరంగాలకు ఇవి గాలికి వరిచేను ఊగినట్టు ఊగి, ఆ కదలికను విద్యుత్ సంకేతాలుగా మార్చి మెదడుకు పంపుతాయి. పెద్ద గాలివానకు చేను పడిపోయినట్టే, విపరీతమైన మోతకు ఈ కణాలు అలసి వాలిపోతాయి. విశ్రాంతి దొరికితే కొన్ని గంటల్లో లేదా ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటాయి. దెబ్బ గట్టిదైతే చనిపోతాయి. చర్మం మానినట్టు, విరిగిన ఎముక అతికినట్టు ఇవి తిరిగి రావు. మనిషికి పుట్టుకతో వచ్చినవే చివరిదాకా. చనిపోయిన కణాలను మళ్ళీ మొలిపించే మందు ఇప్పటికి లేదు.

ముందు పోయేది పాట కాదు... మాట

అభిమానులు పొరబడేది ఇక్కడే. మోత వల్ల వచ్చే వినికిడి లోపం ముందుగా 4,000 హెర్ట్‌జ్ చుట్టుపక్కల ఉండే సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలను దెబ్బతీస్తుంది. డ్రమ్స్ దరువు, బేస్ గిటార్ అదురు ఎప్పటిలాగే వినిపిస్తాయి. అందుకే 'నా చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి' అనుకుంటారు. మసకబారేవి స, శ, చ, త, ఫ లాంటి హల్లులు. పిల్లల గొంతులు, ఆడవాళ్ళ గొంతులు. నలుగురు మాట్లాడుతున్నచోట మాట వినిపిస్తుంది గానీ ఏమన్నారో తెలియదు.

ఇంట్లో దీని ప్రభావం వేరేగా కనిపిస్తుంది. 'నేను చెప్పేది అసలు వినరు' అని భార్య నొచ్చుకుంటుంది. 'నాన్నకు ఏం చెప్పినా ఆఁ, ఊఁ అంటాడు' అని పిల్లలు చెప్పడమే మానేస్తారు. టీవీ సౌండ్ దగ్గర రోజూ గొడవ. ఆయనకు ఏమో అందరూ నోట్లో నోట్లో గొణుగుతున్నట్టు ఉంటుంది. అందరూ దాన్ని నిర్లక్ష్యం అనుకుంటారు. చెవి పరీక్ష చేయిద్దామన్న ఆలోచన ఎవరికీ రాదు. నడివయసులో వినికిడి తగ్గి, దాన్ని పట్టించుకోకపోతే మతిమరుపు వ్యాధి ముప్పు కూడా పెరుగుతుందని లాన్సెట్ కమిషన్ తన 2020, 2024 నివేదికల్లో హెచ్చరించింది.

ఎంత మోత, ఎంతసేపు?

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మామూలు మాట 60 దగ్గర ఉంటుంది. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటల దాకా ఉండొచ్చని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ శబ్ద శక్తి రెట్టింపవుతుంది, ఉండదగిన సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. అలా చూస్తే 100 డెసిబెల్స్‌కు 15 నిమిషాలే. రాక్ కచేరీలో స్పీకర్ల దగ్గర 100 నుంచి 110 దాకా ఉండటం మామూలే. అక్కడ మీరు ఉండేది 3 గంటలు!

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చి 3న, ప్రపంచ వినికిడి దినోత్సవం నాడు, కచేరీ వేదికలకు ప్రమాణాలు విడుదల చేసింది. 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదు. శబ్దాన్ని ఎప్పటికప్పుడు కొలుస్తుండాలి. ప్రేక్షకులకు ఇయర్ ప్లగ్‌లు అందుబాటులో ఉంచాలి. చెవులకు విశ్రాంతినిచ్చే ప్రశాంతమైన చోటు ఒకటి ఉండాలి. టికెట్ కొనేటప్పుడు ఈ ఏర్పాట్లు ఉన్నాయా అని నిర్వాహకులను అడగడం మీ హక్కు.

ఈ లెక్క రాక్‌కు మాత్రమే కాదు. పెళ్ళి బరాత్‌లో డీజేకి, తిరునాళ్ళలో ప్రభల దగ్గర మోగే సౌండ్ బాక్సులకు కూడా ఇదే వర్తిస్తుంది.

వాయించినవాళ్ళే చెబుతున్నారు

'ది హూ' బృందం 1976లో లండన్‌లో ఇచ్చిన కచేరీలో స్పీకర్లకు 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్ నమోదైంది. అత్యంత బిగ్గరైన కచేరీగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. చెవులకు చేటని తర్వాత గిన్నిస్ ఆ విభాగాన్నే ఎత్తేసింది. ఆ బృందంలో గిటార్ వాయించిన పీట్ టౌన్షెండ్ వినికిడి కోల్పోయి, చెవుల్లో హోరుతో బాధపడ్డాడు. ఏసీ/డీసీ గాయకుడు బ్రయాన్ జాన్సన్ 2016లో, పూర్తిగా చెవుడు వచ్చే ప్రమాదం ఉందని వైద్యులు చెప్పడంతో పర్యటన మధ్యలోనే ఆపేశాడు.

కోల్డ్‌ప్లే గాయకుడు క్రిస్ మార్టిన్ దారి వేరు. ఏళ్ళ తరబడి చెవుల్లో హోరు ఉందని 2012లో బయటపెట్టాడు. చెవులకు రక్షణ మొదలుపెట్టాక అది పెరగలేదనీ, ఇంకా ముందే జాగ్రత్తపడాల్సిందనీ చెప్పాడు. తన పిల్లలు కచేరీకి వస్తే పెద్ద ఇయర్ మఫ్‌లు పెట్టించేవాడు. మీరు అభిమానించే గాయకుడే వేదిక మీద చెవులకు రక్షణ పెట్టుకుంటున్నాడు. కింద నిలబడే మీకు నామోషీ ఎందుకు?

వెళ్ళేముందు, వెళ్ళాక...

* మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్ ప్లగ్‌లు చవక. ప్లగ్‌ను వేళ్ళతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోండి. పైపైన పెడితే ప్రయోజనం ఉండదు.

* 'ప్లగ్ పెడితే పాట ఏం బాగుంటుంది?' అనేవారికి సంగీతకారుల ఇయర్ ప్లగ్‌లు ఉన్నాయి. ఇవి అన్ని శబ్దాలనూ ఇంచుమించు ఒకేలా తగ్గిస్తాయి కాబట్టి పాట చెడిపోదు.

* దూది ఉండలు, రుమాలు ముక్కలు రక్షణ కాదు.

* స్పీకర్లకు దూరంగా నిలబడండి. గంటకోసారి పది, పదిహేను నిమిషాలు బయటికి రండి.

* పక్కన నిలబడ్డ మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే మోత ప్రమాదకరంగా ఉన్నట్టే. ఫోన్‌లో డెసిబెల్ మీటర్ యాప్ ఉంటే సుమారు అంచనా దొరుకుతుంది.

* చిన్నపిల్లలకు ఫోమ్ ప్లగ్‌లు సరిగా పట్టవు, నోట్లో పెట్టుకునే ప్రమాదం కూడా ఉంది. వాళ్ళకు ఇయర్ మఫ్‌లే సరి. చంటిబిడ్డలను తీసుకెళ్ళకపోవడమే మంచిది.

* మరునాడంతా చెవులకు సెలవు ఇవ్వండి. ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టండి.

తిరుగు ప్రయాణం మరవొద్దు

పొద్దున ఆరింటికి లేచినవారు రాత్రి పదకొండుకల్లా 17 గంటలు మేలుకుని ఉన్నట్టు. ఆ స్థితిలో మనిషి చురుకుదనం, రక్తంలో 100 మి.లీ.కి 50 మి.గ్రా. ఆల్కహాల్ ఉన్నవాడితో సమానంగా పడిపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మన చట్టం ఒప్పుకునే పరిమితి 30 మి.గ్రా. మాత్రమే! అంటే చుక్క ముట్టకపోయినా తాగి నడిపినట్టే. పైగా రాత్రి 2 నుంచి 6 మధ్య నిద్ర ముంచుకొస్తుంది. దిబ్బడ వేసిన చెవులకు వెనక లారీ హారన్ సరిగా వినపడదు.

హైదరాబాద్‌లో కచేరీ అయితే రాత్రికి అక్కడే ఉండి, తెల్లవారాక బయల్దేరండి. తప్పదనుకుంటే కచేరీ రోజు మధ్యాహ్నం గంటన్నర నిద్రపోండి. నడిపేవాళ్ళు ఇద్దరు ఉండేలా చూసుకోండి. కళ్ళు మూతలు పడుతుంటే సురక్షితమైన చోట ఆపి కాఫీ తాగి, 20 నిమిషాలు కునుకు తీయండి. అద్దాలు దించడం, పాటలు పెట్టడం నిద్రను ఆపవు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

కచేరీ తర్వాత రెండు రోజులైనా దిబ్బడ, గుయ్యిమనడం తగ్గకపోతే ఈఎన్‌టీ వైద్యుణ్ని కలవండి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించడం మానేస్తే అసలు ఆగొద్దు, ఆ రోజే వెళ్ళండి. ఇలాంటి కొన్ని సందర్భాల్లో స్టెరాయిడ్ చికిత్స పనిచేస్తుంది, కానీ అది తొలి రోజుల్లోనే. చెవిలో నూనె, ఉల్లిరసం పోయడం వల్ల లాభం లేదు.

ఏటా నాలుగైదు కచేరీలకు వెళ్ళేవారు ఏడాదికోసారి ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ చేయించుకోవాలి. నొప్పి ఉండదు, అర గంటలో అయిపోతుంది. 4,000 హెర్ట్‌జ్ దగ్గర గీత కిందికి వంగిందంటే అది ముందస్తు హెచ్చరిక. మధుమేహం ఉన్నవారు, జెంటామైసిన్, సిస్‌ప్లాటిన్ లాంటి మందులు వాడినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. లోపం తేలితే వినికిడి యంత్రం పెట్టుకోవడానికి మొహమాటపడొద్దు. కళ్ళజోడుకు లేని సిగ్గు దీనికెందుకు?

ఈసారి టికెట్లు బుక్ చేసిన రోజే ఇయర్ ప్లగ్‌లు, పాపకు ఇయర్ మఫ్ కూడా కొని సంచిలో పెట్టేయండి. కచేరీలో గొంతు చించుకుని పాడండి. తిరిగి వస్తుంటే కీసర దగ్గర వెనక సీట్లోంచి పాప మెల్లగా 'నాన్నా, మంచినీళ్ళు' అన్నా మొదటిసారికే మీకు వినిపించాలి.